పాయెయాలో పులుసు

ఆ రోజు పొద్దున ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేదు. సముద్రం మీద మబ్బు కమ్మింది, కాసేపటికి విడిపోయింది, మళ్లీ కమ్మింది. ఉక్క మాత్రం తగ్గలేదు. నెల్లూరులో ఒక లాడ్జి గదిలో కూర్చున్న ఏజెంట్ కృపాదానం మోగుతున్న ఫోన్ ఎత్తాడు.

"నీ స్పెయిన్ ప్రయాణం క్యాన్సిల్," అన్నారు సెక్షన్ చీఫ్ ఎలిశబెతు గారు. "ఆ ముఠావాళ్లే ఇక్కడికి వచ్చారు."

ఆ ముఠాలో దూరడానికి ఆరు నెలలుగా కృపాదానం ఇక్కడే ఉండి స్పెయిన్ తీరపు ఊళ్లలో ఎక్కడ తినాలో నేర్చుకుంటున్నాడు. అలవాటు కావాలని అక్కడి వేళలకే తిన్నాడు. మధ్యాహ్నం భోజనం మూడింటికి, రాత్రి భోజనం పదింటికి. కడుపు చెడింది. "ఇది ఉద్యోగమా, ఉపవాసమా?" అని భార్య అబిగయీలు గిన్నెలు ఎత్తి కుదేసింది.

"ఎక్కడికి పోవాలి మేడమ్?"

"అల్లూరు దాటి సముద్రపొడ్డుకి. పద్మనాభయ్య రొయ్యపిల్లల హ్యాచరీ."

అతను పుట్టిందే అల్లూరులో.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. డియేగో అనేవాడు రొయ్యలు కొనే వ్యాపారిగా వచ్చాడు. విదేశీ ముఠా మనిషి. వాడి దగ్గర ఒక క్యాప్సూల్ ఉంది, లోపల రొయ్యల్ని చంపే తెల్లమచ్చ తెగులు వైరస్. పద్మనాభయ్య హ్యాచరీ నీళ్లలో అది కరిగితే, అక్కడి నుంచి పోయే రొయ్య పిల్లల వెంట తీరంలోని ప్రతి రొయ్యల గుంటకూ తెగులు పోతుంది. పోయినేడు పంట పోగొట్టుకున్న రైతులు ఈసారి పొలాలు తాకట్టు పెట్టి గుంటలు నింపుకున్నారు.

"క్యాప్సూల్ ఎక్కడ దాచాడో తెలీదు. వాడంతట వాడే బయటికి తీయాలి. వాడి దగ్గర అది అందుకుని నీళ్లలో కలపాల్సిన మనిషిని మద్రాసు ఎయిర్‌పోర్టులో పట్టేశాం. ఇవాళ ఆ మనిషివి నువ్వు."

"కోడ్ వర్డ్?"

"లేదు. ఎక్కడ తినాలని అడుగుతాడు. అక్కడ బతికినవాడికే తెలిసే జవాబులు చెప్పాలి."

"వెంట ఎవరు?"

"రెజీనా. వాడి ఇంటర్‌ప్రెటర్. మన మనిషే. వాళ్ల మనిషి కూడా. ఇవాళ ఎవరి మనిషో నువ్వే చూసుకో."

హ్యాచరీ చేరేసరికి చెమటకి పెట్టుడు గడ్డం ఒక పక్క ఊడుతోంది. చొక్కా గుండీలో పెట్టిన ట్రాన్స్‌మిటర్ ఉప్పుగాలికి చచ్చిపోయింది. భోజనాల బల్ల వరండాలో వేశారు. కటకటాల అవతలే పెద్ద తొట్టి. రొయ్య పిల్లలకు పోయే నీళ్లన్నీ అందులోంచే.

డియేగో లేచి చెయ్యి కలిపాడు. పక్కన రెజీనా, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి సిల్కు చీర. ఆమె నవ్వు డియేగోకీ కృపాదానానికీ సమానంగా అందింది.

వేళ రెండున్నర దాటింది. అన్నం మాత్రం రాలేదు.

"బార్సిలోనా బీచ్‌లో ఎక్కడ తినాలి?" డియేగో ఇంగ్లీషులో అడిగాడు.

"బయట బొమ్మల మెనూ పెట్టిన చోట తినకూడదు. రెండు వీధులు లోపలికి పోతే మార్కెట్. అక్కడ నిలబడి తినాలి."

"మలగాలో?"

"ఇసుక నింపిన పడవలో నిప్పులు పోసి, సార్డీన్ చేపలు పుల్లకు గుచ్చి కాల్చే చోట."

"వలెన్సియాలో? రాత్రిపూట పాయెయా ఎక్కడ బాగుంటుంది?"

రెజీనా కళ్లద్దాలు తీసింది. కృపాదానం తొందరపడలేదు.

"ఎక్కడా బాగుండదు. అది పగటి తిండి. రాత్రి వడ్డించారంటే టూరిస్టుల కోసమే."

డియేగో నవ్వాడు. జేబులోంచి చిన్న కుంకుమపువ్వు డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. క్యాప్సూల్ అందులోనే ఉందని కృపాదానానికి అర్థమైంది. చెయ్యి చాపలేదు. వాడే ఇటు తోయాలి.

అంతలో పద్మనాభయ్య వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు వెడల్పాటి పెనం మోసుకొచ్చారు. పచ్చటి అన్నం, పైన రొయ్యలు. అతిథి గౌరవం కోసం స్పెయిన్ వంటకం పాయెయా చేయించాడు. అతను మసులుతున్న మట్టిచట్టి ఒకటి తెచ్చి బల్ల మీద దించాడు.

"ఇది మన చేపల పులుసు సార్. ఇది లేకుండా దొరకి కూడు పెట్టినానంటే నా మొకం ఏడ పెట్టుకునేది?"

పాయెయా పెనంలోంచే తింటారు. ఎవరి వైపుది వాళ్లు, స్పూనుతో, కలపకుండా. అదంతా కృపాదానానికి కంఠతా వచ్చు. కానీ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మామిడికాయ వేసిన పులుసు వాసన ముక్కుకు తగిలింది. అతని కుడి చెయ్యి దానంతట అదే పోయి తన వైపు అన్నం కుప్ప చేసింది, నడిమధ్య గుంట తీసింది. ఎడమ చెయ్యి గుడ్డతో చట్టి పట్టుకుని ఆ గుంటలో పులుసు పోసింది.

డియేగో చూశాడు. వలెన్సియాలో ఏడాది బతికినవాడెవడూ ఆ పని చెయ్యడు.

డబ్బీ వెనక్కి పోయింది.

"షూట్ హిమ్," అన్నాడు డియేగో రెజీనాతో.

రెజీనా చేతిలో పిస్టల్ లేచింది. గొట్టం కృపాదానం వైపే ఉంది. డియేగో అప్పటికే కటకటాల మీదికి వంగి, డబ్బీలోంచి క్యాప్సూల్ తీసి, పిడికిలి తొట్టి మీదికి చాపాడు. రెజీనా ట్రిగ్గర్ నొక్కింది. టిక్కుమంది, అంతే. కృపాదానం చట్టితో సహా దూకి, దాన్ని ఆ పిడికిలి కింద పట్టాడు. పిడికిలి విచ్చుకుంది. క్యాప్సూల్ నీళ్లకు జానెడు ఎత్తులో పులుసులో పడి, బుడగలేసి కరిగిపోయింది. ఆ వేడికి ఏ వైరస్సూ బతకదు.

ఇప్పుడు పిస్టల్ డియేగో మెడకు ఆనింది. అది ఖాళీదని, తొట్టి మీదికి వంగివున్న వాడికి తెలీదు.

"గుండ్లు పొద్దున్నే తీసేసినాలే," అంది రెజీనా తెలుగులో. "ఏందయ్యా నువ్వు? డబ్బీ చేతికొచ్చేదాకన్నా ఓర్చుకోలేకపోయినావా?"

"ఆకలైంది."

"నీ ఆకలి మండ! ఊరంతా పొయ్యుండేది గదా!"

కృపాదానం గడ్డం పీకి కిందేశాడు.

రెజీనా ఫోన్ అందుకుని జీపులో ఎలిశబెతు గారు వచ్చారు. డియేగోకి బేడీలు పడ్డాయి. చట్టికి మూత పెట్టి, చుట్టూ టేపు వేసి, సాక్ష్యమని పట్టుకుపోయారు. పద్మనాభయ్య తొట్టి వైపు, పోతున్న చట్టి వైపు మార్చి మార్చి చూసి, చెమట తుడుచుకున్నాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు. "చేసింది చల్లారిపోతుండాది."

నలుగురూ పెనం చుట్టూ కూర్చున్నారు. మబ్బు మళ్లీ కమ్మింది. ఎవరి వైపుది వాళ్లు తిన్నారు. మెతుకు పలుకుగా పళ్ల కింద తగులుతోంది. స్పెయిన్‌లో అలాగే వండుతారని కృపాదానానికి తెలుసు, అయినా కళ్లు పులుసు చట్టి పోయిన దారికేసే పోయాయి. ఆరు నెలలు ఎక్కడ తినాలో నేర్పారు గానీ, ఎందుకు తినాలో ఎవరూ చెప్పలేదు.