మంచానికి రెండు పక్కలా

టీ వద్దన్నప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది. నెలనెలా అద్దె డబ్బుకు వచ్చినప్పుడు, చక్కెర తక్కువైందని సణుగుతూ అయినా సరే గ్లాసు ఖాళీ చేసి వెళ్లే ఇంటి ఓనరు, ఈసారి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇల్లు బిల్డరుకి ఇచ్చేశానని, వానలు మొదలయ్యేలోపు ఖాళీ చేయాలని, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు. మెట్లు దిగబోతూ ఆగి, అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేస్తానని, గోడల సున్నాలకని ఏమీ పట్టుకోనని అన్నాడు. ఆపాటి మంచిమాటకే ఆమెకు కళ్లు చెమర్చాయి... తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా చేసి వెళ్లాడు మనిషి.

ఆమె ఒక ల్యాబులో రక్తం తీస్తుంది. ఎంత సన్నటి నరమైనా ఒక్కసారి గుచ్చగానే దొరుకుతుంది ఆమె చేతికి. ఏళ్ల తరబడి వెతికినా దొరకనిది సొంతిల్లొక్కటే.

దొరకక కాదు. దొరికినవన్నీ అత్తగారి తాడు దగ్గర ఆగిపోయాయి.

మామగారు వడ్రంగి. ఒక్క మేకు కూడా కొట్టకుండా తన చేత్తో చేసుకున్న వెడల్పాటి మంచం ఆయన గుర్తుగా మిగిలింది. ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా అత్తగారు ముందు పడగ్గదిలోకి నడిచి, సంచిలోంచి ఒక నులకతాడు తీసి ఈ గోడ నుంచి ఆ గోడకు పట్టేది. తాడుకు నడుమ మంచం వెడల్పు మేర రెండు ముడులు, ముడులకు అటూ ఇటూ మూరెడేసి కొసలు. కొసలు గోడకు తగిలి మడతపడితే, “చాలదురా” అనేది. అంతే. బస్సు డిపోలో మెకానిక్కుగా ఇంజన్లన్నింటినీ దారికి తెచ్చే ఆమె భర్త, ఆ ఒక్క మాటకు తలూపి బయటికి వచ్చేసేవాడు. మంచం గోడకు ఆనించుకోవచ్చుగా అని ఆమె ఎన్నిసార్లో అడిగింది. “గోడకి ఆనించకూడదమ్మా” అనేది అత్తగారు. ఏదో పట్టింపు కాబోలనుకుని నోరు మూసుకునేది ఆమె.

మొదట్లో వద్దనుకున్న ఫ్లాటు ధరకు ఇప్పుడు కారు నిలుపుకునే చోటొస్తుందేమో! ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఈ రోజుల్లో కట్టి చూడక్కర్లేదు, ధర అడిగి చూస్తే చాలు. బ్రోకరుకు ఆమె పెట్టుకున్న పేరు తేనెసీసా. ఆ తేనెసీసా వాళ్లను కొత్త భవనాల చుట్టూ తిప్పాడు. సాయంత్రమైనా సగం కిటికీల్లో దీపం లేదు. ఇన్ని ఖాళీగా ఉన్నాయి కదా, ఒక్కటైనా అద్దెకివ్వరా అని అడిగిందామె. “అవి ఉండటానికి కొన్నవి కాదమ్మా, పెరగడానికి కొన్నవి” అన్నాడు తేనెసీసా, తియ్యగా. మనుషులు ఉండటానికి చోటు లేక తిరుగుతుంటే, ధరలకు మాత్రం పడగ్గదులు, బాల్కనీలు...

చివరికి ఒకటి దొరికింది. వెనకవైపు, ఒకే పడగ్గది, కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఎవరో వెనక్కి తగ్గడంతో మిగిలిందట. ఇద్దరి జీతాలు చూసి బ్యాంకు సరేనన్న ఫ్లాటు అదొక్కటే. సోమవారంలోగా మాట చెప్పమన్నాడు తేనెసీసా. అత్తగారు తాడు తీసింది. రెండు కొసలూ మడతపడ్డాయి.

“చాలదురా.”

ఇంటికి వచ్చాక ఆమె ఆపుకోలేకపోయింది.

“ఆ మంచం కోసం అందరం రోడ్డున పడాలా అత్తయ్యా? ఇన్నేళ్లూ మంచం హాల్లో పడుకుంది, మీ అబ్బాయీ నేనూ వంటింట్లో పడుకున్నాం.”

“అమ్మనేం అనకు” అన్నాడు భర్త, నెమ్మదిగా.

“అమ్మనేం అనకూడదు. బిల్డరునేం అనలేం. బ్యాంకునేం అనలేం. మరి నేనెవరిని అనాలండీ?”

అత్తగారు తాడును వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది.

మర్నాడు ఆమె ల్యాబు నుంచి వచ్చేసరికి వరండా నిండా రంపపు పొట్టు. మామగారి దగ్గర పని నేర్చిన ముసలాయన పనిముట్లు సర్దుకుని, ఎందుకో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. లోపల మంచం సగానికి సగం సన్నబడి ఉంది. దాని మీద అత్తగారు చేతులు దగ్గరికి ముడుచుకుని, కొలత చూసుకుంటున్నట్టు పడుకుంది.

“పట్టాను చూడమ్మా” అంది.

ఆమె సంచీ కింద పడేసి కూలబడింది. “ఎందుకు కోయించారత్తయ్యా? మామయ్య చేత్తో చేసింది... గోడకి ఆనిస్తే పోయేదిగా!”

అత్తగారు లేచి మంచం అంచున కూర్చుంది.

“మీ మామయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు మంచం గోడకే ఉండేదమ్మా. చిన్న గది. ఇటు నుంచి లాగితే ఆయనకి నొప్పి. అటు నిలబడి పట్టుకునే చోటు లేదు. గోడవైపు వీపంతా పుండు పడిందని నాకు తెలిసేసరికి...” చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. “రేపు నేను పడితే ఒక్కదానివే ఇటు నుంచి లాగుతావు. నీ నడుం పోతుంది. మంచానికి రెండు పక్కలా మనిషి నిలబడాలి. ఒక పక్క వాడు, ఒక పక్క నువ్వు. నా తాడు కొలత అదే.”

“ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా...”

“మంచాన పడతానని ముందే చెప్పి మిమ్మల్ని బెదరగొట్టడం ఎందుకనుకున్నాను. ధరలు ఇలా పారిపోతాయని నాకేం తెలుసు తల్లీ!”

ఇన్నేళ్లూ ఆ కొసల్ని ముసలితనపు మంకుపట్టు అనుకుంది ఆమె. ఆ మూరెడు చోటు అత్తగారు కోడలి నడుం కోసమే అడుగుతోందని తెలియలేదు. ఆమె వంగి అత్తగారి పాదాల మీద తల ఆనించింది. వెంట్రుకల్లో చిక్కిన పొట్టును అత్తగారు ఒక్కొక్కటే ఏరి పారేసింది.

సోమవారం దాకా ఆగకుండానే తేనెసీసాకు ఫోను చేశారు. ఆ ఫ్లాటు ఆ పొద్దునే అమ్ముడైపోయిందట. కొన్నాయన లోపలికి కూడా వెళ్లలేదట, ఫోటోలు చూసి డబ్బు పంపేశాడట. భర్త ఫోను పెట్టేసి, వరండాలో మిగిలిన పొట్టు ఊడ్చసాగాడు. లేని గది కోసం మంచం కోయించుకున్నట్టయింది.

వానలకు ముందు, చివరి బస్టాపు దాటాక, అద్దెకు ఒక చిన్న వాటా చూడటానికి వెళ్లారు. అద్దె పాత ఇంటికన్నా ఎక్కువే. సొంతిల్లన్న మాట ఆ దారిలో ఎవరూ ఎత్తలేదు. అయితే పొద్దున్నే మొదటి బస్సు ఇక్కడి నుంచే బయలుదేరుతుంది. ఇద్దరికీ సీటు దొరుకుతుంది, అదొక్కటీ నయం. అద్దె సంగతి తేల్చకముందే ఆమె అత్తగారి సంచిలోంచి తాడు తీసింది. ముడులు దగ్గరికి జరిపి కట్టి, ఎక్కువైన తాడు కోసేసి ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడకు పట్టింది. కొసలు మడతపడలేదు. పాత మంచమైతే పట్టేది కాదు.

సామాను దించిన రోజు మంచం గది నడుమ వేయించింది. అత్తగారు అలసిపోయి నడుం వాల్చింది.

“ఏమండీ, మీరు అటు పక్కకి వచ్చి నిలబడండి” అంది ఆమె.

అతను వచ్చి నిలబడ్డాడు. ఆమె ఇటు నిలబడింది. ఇద్దరికీ చోటు సరిపోయింది.

అత్తగారు ఒక కన్ను తెరిచి ఇద్దర్నీ చూసింది.

“ఇంకా పడలేదర్రా, ఊరికే పడుకున్నాను. వెళ్లి పొయ్యి వెలిగించండి.”