సింధూర చాచిన చేతులు

“కన్నకూతుర్ని పెళ్ళివారికి చూపించడానికి మందుకొట్టుకి తీసుకెళ్ళే తండ్రిని మిమ్మల్నే చూశాను!” అంటూ బాలత్రిపురసుందరి వంటింటి గడప దగ్గర కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

“మందుకొట్టు కాదే, వైన్ హోటలు! మద్యనిషేధం ఎత్తేశాక పెళ్ళివారే హైదర్‌గూడలో బంగళా తీసుకుని పెట్టారు. అయినా వైను రుచి చూడ్డమే గానీ మింగరట! నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేస్తారట! మింగకపోతే దోషమేముంది?” అన్నాడు సూర్యప్రకాశరావు, జర్దా కిళ్ళీ ఆ దవడ నుంచి ఈ దవడకి మారుస్తూ. అంతలోనే బుగ్గలు పూరించి మొహం ఇటు తిప్పాడు. ఆవిడ ఏడుస్తూనే లేచి ఇత్తడి చెంబు తెచ్చి గడ్డం కింద పట్టింది. ఆయన అందులో ఉమ్మాడు.

ఆ చెంబు సంగతి చెప్పుకోవాలి. అశోక్‌నగర్‌లో కాపురం పెట్టింది మొదలు ఆ మహానుభావుడు కిళ్ళీ నమలడమే గానీ, ఉమ్మడానికి కుర్చీలోంచి లేచిన పాపాన పోలేదు! ఆవిడే పట్టాలి, ఆవిడే కడగాలి. పనిమనిషి పెంటమ్మ అయితే చేరిన రోజే ఖరాఖండీగా చెప్పేసింది.

“అంట్లన్నీ తోముత గానీ, గా ఉమ్మి చెంబు మాత్రం నేను ముట్టనమ్మా! నా మొగడు తాగొచ్చి కక్కితే గూడ వానితోనే కడిగిస్త!”

భర్త ఎంగిలికి అసహ్యమేమిటి, పిచ్చిమొహం... అని అప్పుడు సుందరి నవ్వుకుంది.

ఒక్కగానొక్క పిల్ల సింధూర. ఈ సంబంధం కుదిరితే కళ్ళెదుటే ఉంటుంది, నారాయణగూడ దాటితే కూతురిల్లు! ఆ ఆశ కొద్దీ కళ్ళు తుడుచుకుని బయల్దేరింది.

హోటల్లో అడుగు పెట్టగానే పులిసిన ద్రాక్షల కంపు గుప్పుమంది. సుందరి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. బల్లమీద సన్నకాళ్ళ గ్లాసులు, వాటి మధ్య తళతళలాడే వెండి గిన్నె. పెళ్ళికొడుకు తండ్రి ఎర్రటి వైను గ్లాసులో గిరగిరా తిప్పి, ముక్కు లోపలికంటా పెట్టి వాసన చూసి, నోట్లో పోసుకుని బుడబుడమని పుక్కిలించాడు. ఛీ... పెరట్లో మొహం కడుక్కునే పని భోజనాల బల్లమీదా!

తర్వాత ఆయన నోరు విప్పకుండా మొహం పక్కకి తిప్పాడు. అంతే! ఆయన భార్య సులోచన చేతిలో ముద్ద వదిలేసి వెండి గిన్నె అందుకుని ఆయన గడ్డం కింద పట్టింది. ఉమ్మి ఆవిడ గాజుల మీద చిందింది. ఆవిడ గుడ్డతో తుడుచుకుని నవ్వింది! ఇంకో రకం వైను, మళ్ళీ గిన్నె... పాపం, ఆ ఇల్లాలిని ఒక్క ముద్ద సవ్యంగా తిననిస్తేనా!

ఇంతలో పెళ్ళికొడుకు సుధీంద్ర కూడా పుక్కిలించి, బుగ్గలు పొంగించి అటూ ఇటూ చూశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు... సింధూర లేచి, గిన్నె కోసం రెండు చేతులూ చాచింది!

“చూశారా! పిల్లని ఎంత బాగా పెంచారండీ!” అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. సూర్యప్రకాశరావు మురిసిపోయాడు.

సుందరి ఒళ్ళు భగ్గుమంది. కూతురి చేతికి అందబోతున్న గిన్నెని లాక్కుని సుధీంద్ర ముందు ఠంగుమని పెట్టింది.

“నీ చేతులేమైనా పడిపోయాయా నాయనా?”

సులోచన తల దించుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు సుందరికి కనిపించాయి.

ఇల్లు చేరాక సూర్యప్రకాశరావు చిందులు తొక్కాడు.

“బంగారంలాంటి సంబంధం కాలదన్నావు! నా పరువు గంగలో కలిపావు!”

“అమ్మా, నేనేం తప్పు చేశానే?” సింధూర వెక్కి వెక్కి ఏడ్చింది. “నువ్వు నాన్నకి పట్టవూ...? నేనూ అలాగే...”

ఆ మాటకి సుందరి కూతురి పక్కన చతికిలబడింది. అసహ్యం! ఆ కుర్రాడి మీదా కాదు, కట్టుకున్నవాడి మీదా కాదు... ఇన్నేళ్ళూ ఆ చెంబు మోసిన తన చేతుల మీదే! బిడ్డకి వంట నేర్పాననుకుంది, పాట నేర్పాననుకుంది. నేర్పింది ఇదా తల్లీ! కూతుర్ని గుండెలకి హత్తుకుని భోరుమంది.

అరిచి అరిచి అలసిపోయిన సూర్యప్రకాశరావు కిళ్ళీ బిగించి కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి బుగ్గలు పూరించి మొహం ఇటు తిప్పాడు. అమ్మ కదలకపోయేసరికి సింధూర లేవబోయింది. సుందరి ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన “ఊఁ... ఊఁ...” అన్నాడు. నోటినిండా ఉమ్మి, తిడదామంటే వీల్లేదాయె! ఇల్లు ఊడవడానికొచ్చిన పెంటమ్మ వైపు చూశాడు. ఆమె చీపురు తీసుకుని అటు తిరిగిపోయింది.

ఇక లేవక తప్పలేదు. చెంబు తీసుకుని పెరట్లోకి పరుగెత్తాడు. కుళాయి విప్పిన చప్పుడైంది. చాలాసేపు కట్టలేదు.

తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తడిసిన చెంబుని మొహానికి దూరంగా పట్టుకుని ఉన్నాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు.

“ఇంత... ఇంత కంపు కొడుతుందా సుందరీ?”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు.

“చింతపండు గూట్లో ఉందండీ,” అంది. “దాంతో తోమితే పోతుంది.”