గాజు జాడీలో సాక్షి

చిత్తూరు కుప్పుస్వామి బతికున్నప్పుడు ఎవరికీ అక్కర్లేకపోయాడు. జైల్లో చచ్చాక అతని మెదడు కోసం రెండు దేశాలు కాచుకున్నాయి.

తిరుపతి బస్టాండు దగ్గరి లాడ్జిలో, గుండుకు గంధం పూసుకుని, చంకన గొడుగుతో యాత్రికుడి వేషంలో ఉన్న ఏజెంట్ మునికృష్ణకు చీఫ్ ఫోన్‌లో బ్రీఫింగ్ ఇచ్చాడు.

"రహస్య కోడ్‌లు చూసే మన సైఫర్ సెక్షన్‌లో పనిచేస్తూ, రాడార్ కోడ్ విదేశీ ముఠాకి అమ్మాడని కుప్పుస్వామిని అరెస్ట్ చేశాం. మతిపోయిన మనిషని భార్య వరదమ్మ మొత్తుకుంది. నాటకమనుకున్నాం. పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టర్ పరంధామయ్య కూడా అల్జీమర్స్ అంటున్నాడు. ఆ మెదడుని బెంగుళూరు ల్యాబ్‌కి చేర్చాలి."

"ల్యాబ్ కూడా అదే అంటే?"

"అసలు దొంగ ఇంకా మన సెక్షన్‌లోనే ఉన్నట్టు. జాడీ చేరకుండా చూస్తారు, జాగ్రత్త. కారు తీసుకుని మిస్ దేవకి వస్తుంది. సెక్షన్ మనిషే."

ఆసుపత్రిలో పరంధామయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"కపిలతీర్థంలో నీళ్ళు పడతా ఉండాయా?"

"కొండమీద వాన పడితే పడతాయి," అన్నాడు మునికృష్ణ. కోడ్ సరిపోయింది.

డాక్టర్ జాడీ మూత తీశాడు. ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండాయి. లోపల నిలువునా కోసిన మెదడు.

"సూడప్పా. మామూలు మనిషికి ఈ మడతలు ఒకదాన్నొకటి ఒరుసుకోని ఉంటాయి. ఈయనకి సందుల్లో నా వేలు పడతాది. కండంతా కరిగిపోయుండాది. జ్ఞాపకాలు ఉండే చోటైతే మరీ అన్యాయం."

మిస్ దేవకి నల్లకళ్ళద్దాలు, షిఫాన్ చీర, ఫారిన్ సెంటుతో దిగింది. భుజాన పెద్ద తోలుసంచి. కారు వేగంగా నడిపింది. కాణిపాకం వంతెన మీద ఆపి, రేడియేటర్ కాగుతోందంది. మునికృష్ణ జాడీని సీట్లో ఉంచి, దిగి నీళ్ళు తెచ్చి పోసి, మళ్ళీ కారెక్కాడు.

"నేను జాడీని ముట్టుకోనైనా లేదు. ఈ వినాయకుడి మీద ప్రమాణం," అంది నవ్వుతూ.

అతను అడగలేదు. కాణిపాకంలో ప్రమాణమంటే ఆ జిల్లాలో దొంగలకు కూడా వణుకు. గుడిమెట్లు ఎక్కకముందే తప్పు ఒప్పుకుంటారు. అడక్కుండా ప్రమాణం చేసే మనిషిని అతను ఎన్నడూ చూడలేదు. జాడీ మూత తీశాడు.

మడతలు నిండుగా, బిగువుగా ఉన్నాయి. ఒక్క సందూ లేదు. ఆరోగ్యంగా చచ్చిన ఎవరిదో మెదడు.

"ఇది చేరితే, కుప్పుస్వామి మతి భేషుగ్గా ఉండింది, తెలిసే అమ్మాడు అని రిపోర్ట్ వస్తుంది. అంతేగా మేడమ్?"

ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"గుండు చూసి అమాయకుడివనుకున్నాను."

"కోడ్ అమ్మింది నువ్వు."

"ఆఫీసులో పక్కసీట్లో అలాంటి ముసలాడు దొరికితే వదులుకుంటానా? తాళంచెవులు నా చేతికిచ్చి, ఎక్కడున్నాయని నన్నే అడిగేవాడు."

మునికృష్ణ గొడుగు ఎత్తాడు. అందులో తుపాకీ ఉంది. నొక్కాడు. పేలలేదు. ఆమెది పేలింది. చెవి పక్కన అద్దం పగిలింది. అతను గొడుగుతో మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ జారింది. ఆమె కారు దిగి, తోలుసంచిని వంతెన మీంచి విసిరింది. కింద బండరాళ్ళు.

అతను పిట్టగోడ మీదికి దూకి, గొడుగు కొక్కెం చాచాడు. సంచి పట్టీ తగులుకుంది.

సంచిలో కుప్పుస్వామి జాడీ చెక్కుచెదరలేదు. డిపార్ట్‌మెంట్ అమర్చిన తుపాకీ పనిచేయలేదు. గొడుగులవాడు పెట్టిన కొక్కెం పనిచేసింది.

దేవకి కటకటాల వెనక్కి వెళ్ళింది. ల్యాబ్ రిపోర్ట్ వచ్చాక మునికృష్ణ వరదమ్మ ఉండే నగరికి వెళ్ళాడు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. వరదమ్మకు ఫోటో చూపించాడు.

"మెదడు ముక్కకి వెండి రంగు ఎక్కించి తీశారమ్మా. ఈ మచ్చలూ, కణాల్లో ఈ నల్లటి చిక్కులూ ఆ జబ్బువే. మీరు చెప్పిందే నిజం."

ఆమె ఫోటోని చేత్తో ముట్టలేదు.

"పోగు చిక్కుపడినట్టు ఉండాది. సంగటి తిని, తినలేదని ఏడ్సేవాడు. నన్నే ఎవురు నువ్వని అడిగేవాడు. అట్లాంటోడు మీ కోడు యాడ గుర్తుపెట్టుకుంటాడప్పా? బతికున్న పెండ్లాం చెప్తే నమ్మలేదు. తల కోసి సూసి నమ్మినారు."

"చీఫ్ గారు క్షమించమన్నారు."

"క్షమించను. చితిమీద కాల్చినప్పుడు ఆయన తల బోలుగా ఉండింది. ఆ మెదడన్నా ఇయ్యండి, కాల్చుకుంటా."

"అది సాక్ష్యమమ్మా. కేసు తేలేదాకా మా ఆఫీసులోనే ఉండాలి."

వరదమ్మ కాసేపు అతని గుండు వైపు చూసింది.

"ఉండనీలే అప్పా. మీ ఆఫీసులో ఒక మెదడన్నా ఉన్నట్టుంటాది."