ఇనప డబ్బాలో రౌటర్

“నాలుగున్నరకి ముత్యం బయటికొస్తుంది,” అన్నాడు పెద్దాయన. “ఇప్పుడు రెండున్నర.”

గోడ మీది స్క్రీన్‌లో ఒక ఎంబసీ గేటు, దాని ముందు మూడు కార్లు. బొమ్మ కదలడం లేదు. పదకొండు సెకన్లకోసారి కొద్దిగా ఉలిక్కిపడి, మళ్ళీ గడ్డకట్టుకుపోతోంది.

అద్దం కుర్చీ అంచున కూర్చుని విన్నాడు. అది అతని కోడ్ పేరు. ఎవరి ఎదుట నిలబెడితే వాళ్ళలా మారిపోతాడని డిపార్ట్‌మెంట్ పెట్టింది.

ముత్యం రెండేళ్ళు ఇదే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసింది. ఎదుటివాళ్ళు అడక్కుండానే రహస్యాలు చెప్పేసేంత అందగత్తె. ఆ రెండేళ్ళూ విదేశీ గూఢచారుల ముఠాకి కూడా పనిచేసిందని అందరికీ ఆలస్యంగా తెలిసింది. ఇవాళ గోరంత మెమరీ కార్డులో నలభై ఒక్కమంది ఏజెంట్ల పేర్లు దేశం దాటించబోతోంది.

“ముగ్గురు ఆడవాళ్ళు వస్తారు. ఒకేలాంటి బూడిదరంగు కోట్లు, టోపీలు, నల్ల కళ్ళద్దాలు. మూడు కార్లు, మూడు దార్లు. ముగ్గురివీ డిప్లొమాటిక్ పాస్‌పోర్టులే. ఒక్కరిని ఆపడానికి మాత్రం పర్మిషన్ తెచ్చాను. తప్పు మనిషిని ఆపామంటే నలభై ఒక్క ఇళ్ళల్లో ఏడుపులు.”

“గేటు దగ్గర మనవాళ్ళు?”

“ముందుగా దగ్గరికి పోనివ్వరు. సందు చివర కాచుకుని ఉంటారు. గేటు కనిపించేది ఒక్క చోటి నుంచే. మన ఏజెంట్ సూది వాళ్ళక్క టైలరింగ్ షాపు. కిటికీలో కోటు తొడిగిన బొమ్మ ఉంది చూశావా, దాని కోటుకి మూడో గుండీ కెమెరా. సూది పెట్టిందే. ఫీడ్ అంతా వాళ్ళింటి మొబైల్ రౌటర్ మీద రావాలి.”

“స్పీడు మనమే తగ్గించి పెట్టాం కదా సార్.”

“పొద్దున్నే లిమిట్ ఎత్తేశాం. అయినా ఇదీ అవతారం. వెళ్ళి చూడు.”

అద్దం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. “ఇంకెవరినైనా పంపండి సార్.”

“ఆ ఇల్లు నీకంటే ఎవరికి తెలుసు? ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నావు.”

అతని బాధా అదే.

సూది చనిపోయి ఎనిమిది నెలలు. అతని ఆచూకీ ముఠాకి అందించింది ముత్యమే. తూటా దెబ్బతో తప్పించుకొచ్చి, డిపార్ట్‌మెంట్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ సంగతి ముఠాకి తెలియదు. సూది ఎక్కడో దాక్కున్నాడని భయపడుతున్నంతకాలం వాళ్ళు నెమ్మదిగా అడుగులేస్తారు. అక్క ఏడిస్తే వీధికి తెలుస్తుంది, వీధికి తెలిస్తే గేటు అవతలికీ తెలుస్తుంది. అందుకని ప్రతి ఆదివారం ఉదయం సూది కళ్ళజోడు, సూది మీసం పెట్టుకుని, “అక్కా, బాగున్నావా,” అంటూ వీడియో కాల్ చేసేవాడు అద్దం. ముఖం పోల్చుకోకుండా స్పీడు తగ్గించి బొమ్మను మసకగా ఉంచడం టెక్నికల్ సెక్షన్ పని. తమ్ముడిది ఓడ ఉద్యోగమనీ, సముద్రం మీద సిగ్నల్ అంతేననీ ఆవిడకి చెప్పారు.

అద్దానికి అక్కలు లేరు. ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే గొంతు సవరించుకోవడం ఎప్పుడు మొదలైందో అతనికే తెలియదు.

మూడున్నరకి అతను ఆ మెట్లెక్కాడు. పెట్టుడు బొజ్జ, నెరిసిన జుట్టు, నీలం యూనిఫాం, మెడలో నెట్ కంపెనీ కార్డు, ముక్కుతో మాట్లాడే గొంతు.

“నెట్ స్లోగా ఉందని కంప్లైంట్ వచ్చిందమ్మా.”

“నేనివ్వలేదే.”

“సిస్టమే పట్టేస్తుందమ్మా, ఆటోమేటిక్‌గా.”

“నాకంటే ముందు మీకే కష్టం కలిగిందన్నమాట,” అంది ఆవిడ. యాభై దాటిన మనిషి. మెడలో టేపు, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. అతన్ని తల నుంచి కాళ్ళ దాకా ఓసారి చూసింది. “లోపలికి రా బాబూ. గుడ్డ తొక్కకు, కటింగ్‌లో ఉంది.”

ఇల్లూ షాపూ ఒకటే గది. స్క్రీన్ మీద మసకగా చూసినవన్నీ ఇక్కడ అంచులతో సహా ఉన్నాయి. ఆకుపచ్చ కర్టెన్ అనుకున్నది నీలం. గోడ మీద క్యాలెండర్ అనుకున్నది సూది ఫొటో. అద్దం చూపు తిప్పుకుని ట్యాబ్ తీశాడు.

సిమ్ బాగానే ఉంది. డేటా ఉంది. బయటివాళ్ళెవరైనా వాడుతున్నారా అని చూస్తే రెండే పరికరాలు, ఆవిడ ఫోన్, కెమెరా. ట్యాబ్ నుంచే రీస్టార్ట్ చేశాడు. బ్యాండ్ మార్చాడు. స్పీడ్ టెస్ట్ పెట్టాడు. ముల్లు లేవను లేవనంటోంది. సిగ్నల్ ఒక్క గీతే.

“అద్దం, స్టేటస్?” చెవిలో పెద్దాయన. టైము నాలుగూ పది.

కిటికీ గట్టు మీద రౌటర్ లేదు. దాని వైరు మాత్రం ప్లగ్గు నుంచి దిగి, కుట్టు మిషను వెనకగా, బల్ల కిందికి పోయింది. వంగి చూశాడు. అక్కడ పాత ఇనప డబ్బా. మూత అంచున వైరు పట్టేంత చిన్న గాడి. రేకు వైరుని కోసెయ్యకుండా గాడి చుట్టూ గుడ్డ పట్టీ, దగ్గరదగ్గరగా వేసిన కుట్లు. పొరపాటున పెట్టింది కాదు. ఎవరో ఓపిగ్గా ఒక పూటంతా కూర్చుని చేసిన పని.

“ఇనుములో పెడితే సిగ్నల్ ఎలా అందుతుందమ్మా?”

“అందకూడదనే పెట్టాను.”

కత్తెర ఆగింది. ఆవిడ నోట్లో సూదులు తీసి బల్ల మీద పెట్టింది.

“మా తమ్ముడు ఆదివారాలు వీడియోలో మాట్లాడతాడు. ఎనిమిది నెలల కిందట ఓ ఆదివారం రెండు నిమిషాలు బొమ్మ చాలా బాగా వచ్చింది బాబూ. తర్వాత మసకేసింది. ఆ రెండు నిమిషాలూ చాలు నాకు.”

ఆ రెండు నిమిషాలు అద్దానికి గుర్తున్నాయి. లిమిట్ పెట్టడం ఆలస్యం చేశారని ఆరోజు టెక్నికల్ సెక్షన్‌ని నోటికొచ్చినట్టు తిట్టాడు.

“వాడికి ఎడమ భుజం అర అంగుళం కిందికి. ఐదేళ్ళ పిల్లాడప్పటి నుంచి వాడి చొక్కాలన్నీ నేనే కుట్టాను. ఎడమవైపు లోపల చిన్న మడత పట్టీ వేసేదాన్ని, బళ్ళో ఎవరూ వెక్కిరించకుండా. ఆ ఫోన్లో అబ్బాయికి రెండు భుజాలూ సమానం.” ఆవిడ చూపు అతని భుజాల మీదే ఉంది. “మసకలో అయితే వాడే అనుకోవచ్చు. స్పష్టంగా వస్తే ఆ అబ్బాయిని నిలదియ్యాలి. నిలదీస్తే జవాబు చెబుతాడు. అది వినలేక డబ్బాలో పెట్టాను.”

డిపార్ట్‌మెంట్ ఒకవైపు, ఈవిడ ఒకవైపు, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే బొమ్మని మసక చేస్తూ వచ్చారు.

“ఆ అబ్బాయి మీద కోపం రాలేదా?” అన్నాడు. ముక్కుగొంతు సగంలో జారిపోయింది.

“ఎందుకు? పాపం, భోంచేశావా అక్కా అని ప్రతివారం అడుగుతాడు. మావాడు ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.”

నవ్వబోయి ఆగింది.

“అద్దం, ఐదు నిమిషాలే ఉంది.” చెవిలో గొంతు. ఎప్పుడు నాలుగూ ఇరవై ఐదైందో అతనికి తెలియలేదు.

“తియ్యనా అక్కా?”

ఆ పిలుపు అతని నోటి నుంచి అనుకోకుండా వచ్చింది. ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. డబ్బా తనే పైకి లాగి, మూత తీసి, చంటిపిల్లాణ్ణి తీసినట్టు రెండు చేతులతో రౌటర్ని తీసి కిటికీ గట్టు మీద నిలబెట్టింది.

నాలుగు గీతలు వెలిగాయి. ట్యాబ్‌లో గేటు ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది. ఇనప కమ్మీల మీద తుప్పు కూడా లెక్కపెట్టొచ్చు.

గేటు తెరుచుకుంది. మూడు కోట్లు, మూడు టోపీలు. ఎత్తులు ఒకటే, నడకలూ ఒకటే.

“ఎవరు? మాకేం తేడా తెలియడంలేదు,” అన్నాడు పెద్దాయన. అద్దానికీ తెలియడంలేదు.

“వీళ్ళలో ఎవరు కావాలి నీకు?” అంది ఆవిడ, అతని పక్కకొచ్చి.

“ఏదో దాచి పట్టుకెళ్తున్నావిడ.”

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని ట్యాబ్ మీదికి వంగింది. “మధ్యావిడ. కోటు కింది అంచు చూడు. మిగతా ఇద్దరిదీ మిషను కుట్టు. ఈవిడది కుడివైపు జానెడు మేర చేతికుట్టు. విప్పి, కంగారుగా మళ్ళీ కుట్టారు. దారం ఓ ఛాయ ముదురు.”

“సార్, మధ్యావిడ. కోటు అంచు కుడివైపు.”

కారు తలుపు సగం మూసుకుంది. సందు చివర నుంచి నలుగురు ఉరికొచ్చి దానికి అడ్డుపడ్డారు. టోపీ కింద పడింది. అంచు కోయగానే మెమరీ కార్డు ఒకరి అరచేతిలోకి జారింది. అప్పుడు కూడా ముత్యం నవ్వుతూనే ఉంది.

ఆవిడ ట్యాబ్‌లో ఆ నవ్వును వేలితో చూపించింది.

“ఈవిడవల్లేనా మావాడు...” అంది అక్క.

చెప్పకూడదని రూల్. అద్దం తల నుంచి నెరిసిన విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడకి అది చాలింది. కుర్చీలో కూలబడి, మెడలో టేపు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు ఏడ్చింది. వీధికి తెలిసినా ఇక ఫరవాలేదు.

అతను వెళ్ళేటప్పుడు అలమరలోంచి ఇస్త్రీ మడతతో చొక్కా ఒకటి తెచ్చింది. “వాడి పుట్టినరోజుకి కుట్టాను. ఇంట్లో ఉంటే రోజూ మడత విప్పి చూస్తాను. పట్టుకుపో.”

“ఆదివారం ఫోన్ చెయ్యనా?”

“ఆ మీసం పెట్టుకోకు. అది వాడికీ నప్పేది కాదు.”

ఆదివారం మీసం, కళ్ళజోడు లేకుండా ఫోన్ ముందు కూర్చున్నాడు అద్దం. ఆ చొక్కా తొడుక్కుంటే లోపలి పట్టీవల్ల ఎడమ భుజం పొంగినట్టుంది. ఎడమ భుజం అర అంగుళం కిందికి దించాడు. చొక్కా సరిగ్గా కుదిరింది. ఎనిమిది నెలల వేషంలో అతను నేర్చుకోకుండా వదిలేసింది అదొక్కటే.

బొమ్మ తేటగా వచ్చింది. ఆవిడ కళ్ళ కింద ముడతలు, వెనక కిటికీ గట్టు మీద రౌటర్, అన్నీ కనిపిస్తున్నాయి. ఆవిడ ఆ భుజాన్ని చూసింది. చూస్తూనే ఉంది.

“భోంచేశావా అక్కా?”

“ఊఁ. నువ్వు?” కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “నెట్ మరీ స్పీడుగా ఉందయ్యా.”

“కంప్లైంట్ రాసుకోనా?”

“రాసుకో,” అంది అక్క.