పటిక నీళ్ళు

తెల్లారేసరికి మబ్బు కొబ్బరి తలల మీదకి దిగింది గానీ, చినుకు రాలలేదు. పెరట్లో, చీర కింద దాచి ఆరేసిన కోడలి లోబట్టని కామాక్షి బయటికి లాగింది.

"ఇంకా తెల్లబట్ట అవుతూనే ఉంది. ఏం రోగం తెచ్చేవే మా ఇంటికి?"

"రోగం కాదండీ అత్తయ్యగారూ. పెళ్ళికి ముందూ నెల మధ్యలో ఇంతేనండి."

"అయితే తెలిసే దాచేరన్నమాట మీవాళ్ళు!"

కోడలు రమ్యశ్రీ పెనిమిటి ప్రసాద్ మస్కట్‌లో ఉన్నాడు. వారం నుంచీ అత్తగారి మాట ప్రకారం ఆమె రెండు పూటలా పటిక నీళ్ళతో లోపలదాకా కడుక్కుంటోంది. అంతకుముందు ఏ బాధా లేదు. ఇప్పుడు కూచుంటే మంట, నుంచుంటే దురద.

"రోగం కాకపోతే మంటెందుకే? రేపు మీ నాన్నని వచ్చి నిన్ను తీసుకెళ్ళమంటాను. తగ్గితే పంపమను, తగ్గకపోతే అక్కడే ఉంచుకోమను."

"ముందు అమలాపురంలో డాక్టరమ్మకి చూపించండి. ఆవిడ రోగమంటే నా పెట్టె నేనే సర్దుకుంటాను."

"ఇంటి పరువు ఆస్పత్రిలో ఆరేస్తావా?"

"పెరట్లో మీరు ఆరేసేరు కదండీ!"

కామాక్షి చెయ్యెత్తింది. అరుగు మీద కొబ్బరికాయ ఒలుస్తున్న మావగారు తాతబ్బాయి తలెత్తకుండానే అన్నాడు, "ఆటో పిలుస్తాను. ఇద్దరూ వెళ్ళండి."

డాక్టరమ్మ పరీక్ష చేసి చేతులు కడుక్కుంది.

"చెడు వాసన లేదు, రంగు మారలేదు. ఈ తెల్లబట్ట ఆరోగ్యమేనమ్మా. నెలలో ఒకప్పుడు పల్చగా, ఒకప్పుడు జిగురుగా అవుతుంది. లోపల ఆ చోటు తనే శుభ్రపడుతుంది, పైన మంచినీళ్ళు చాలు. మంట పటిక వల్ల వచ్చింది. ఎవరు కడగమన్నారు?"

"ఈవిడేనండి," అంది రమ్యశ్రీ.

"మా కాలంలో అందరం చేసేం. ఎవరు చచ్చేరు?" కామాక్షి గొంతు లేచింది.

"మీకు మంట పుట్టేది కాదా?"

కామాక్షి పమిట సర్దుకుని లేచింది. తిరిగొచ్చేప్పుడు ఆటో ఊరి కాలవ దాటేక, రోడ్డు వైపే చూస్తూ అంది.

"మా అత్తగారు నా చేతా కడిగించేది. మంటెడితే నా ఒళ్ళే చెడ్డదనుకున్నాను. మీ మావయ్యగారికి కూడా చెప్పలేదు."

"నా ఒళ్ళు చెడ్డది కాదండీ." రమ్యశ్రీ గొంతులో కోపం ఇంకా ఉంది. అత్తగారి వైపు తిరిగి అంది, "మీదీ కాదు."

కామాక్షి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చేక తాతబ్బాయి అడిగాడు, "వియ్యంకుడికి ఫోన్ చెయ్యమంటావా?"

"ఎందుకూ? అన్నానికి కూచోండి."

మగాళ్ళు తిన్నాకే ఆడవాళ్ళు తినే ఇల్లది. ఆ పూట మూడు కంచాలూ ఒకేసారి పడ్డాయి. కామాక్షి చేపల పులుసులో నడిముక్క తీసి, మొహం చూడకుండా కోడలి కంచంలో వేసింది. రమ్యశ్రీ దాన్ని కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ముల్లు తీసుకుని తింది.