సోమవారం వంతు

ఆదివారం మధ్యాహ్నం జ్యూరిక్‌లో మనిషిని చంపొచ్చు. చప్పుడు మాత్రం చేయకూడదు.

డాక్టర్ జోలికోఫర్ వంటింటి బయట కాపలా ఉన్న ఏజెంట్ గాలుస్‌ను చంపినవాడికి ఆ మర్యాద తెలుసు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ వాడాడు. గాలుస్ మాత్రం పడిపోతూ మెట్ల మీది పూలకుండీని కూడా పడేశాడు. కింది అంతస్తు ఆవిడ వెంటనే పోలీసులకు ఫోన్ చేసింది. శవం గురించి కాదు, కుండీ గురించి. విశ్రాంతి వేళ తమ భవనంలో ఇలాంటి చప్పుళ్ళు అలవాటు లేదని, ఇకముందు జరక్కుండా చూడమని చెప్పి పెట్టేసింది.

కాసేపటికి ఏజెంట్ రేతో కాఫ్లిష్ సరస్సు ఒడ్డున ఒక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన చీఫ్ ఎబీషర్. ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళే. అయినా చీఫ్ హంసల వైపు చూస్తూ అన్నాడు:

"ఈ ఎండలో వేడివేడి చీజ్ ఫాండ్యూ దొరుకుతుందా?"

"సార్, నేనే సార్."

"కోడ్ చెప్పవయ్యా."

"ఎండాకాలం ఫాండ్యూ తినేవాడు మన దేశం వాడు కాదు."

"ఆఁ. నువ్వే." చీఫ్ ఇటు తిరిగాడు. "గాలుస్ పోయాడు. నీ డ్యూటీ చేస్తూ పోయాడు పాపం. నీకు జలుబని ఆదివారం వాడు తీసుకున్నాడు కదా. తగ్గిందా?"

"తగ్గింది సార్."

రేతోకు జలుబు లేదు. ఆయనకు ఉన్నది గుండెజబ్బు. మెట్లెక్కితే ఛాతీలో ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ సంగతి సీక్రెట్ సర్వీసులో ఎవరికీ తెలియదు. తెలిస్తే పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెడతారు. అక్కడికి దిగడానికి కూడా మెట్లే.

"డాక్టర్ కనిపెట్టినదాన్ని ఎత్తుకుపోయారు. అదేంటో తెలుసా నీకు?"

"కొంచెం చెప్పండి సార్," అన్నాడు రేతో, చాలా బాగా తెలిసినవాడు.

"సన్నటి గొట్టం. తొడ దగ్గర రక్తనాళంలో పెట్టి గుండె దాకా తోస్తారట. కొసన బియ్యపుగింజంత బుడగ. ఎక్కడ నాళం పూడుకుపోయిందో అక్కడ దాన్ని ఉబ్బిస్తే కొవ్వు గోడకి అణిగిపోయి రక్తం పారుతుంది. ఛాతీ కోసే పని లేదు. డాక్టరు వంటింట్లో అతికించి అతికించి చేశాడు. ఆయన భార్య ఏడాదిగా నిలబడి భోంచేస్తోంది, బల్ల ఖాళీ లేక. చేసినవన్నీ పగిలిపోయాయి, ఒక్కటి నిలబడింది. రేపు సోమవారం మొదటిసారి మనిషికి వెయ్యాలి. ఎవరికో డాక్టరు చెప్పడం లేదు. అవతల తూర్పు దేశాల కూటమికి ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయనకీ గుండె పూడుకుపోయింది. అర్థమైందా?"

అర్థమైంది. రేపటి మనిషి రేతోనే. ఛాతీ తెరిస్తే ఈయన ఊపిరితిత్తులు తట్టుకోవని సర్జన్ చేతులెత్తేశాక జోలికోఫర్ దగ్గరికి దొంగచాటుగా వెళ్ళాడు. ఆపరేషన్‌కి ముందు విశ్రాంతి తీసుకోమంటే జలుబని చెప్పి డ్యూటీ గాలుస్‌కి ఇచ్చాడు.

"తీసుకెళ్తున్నది వెరేనా హుంగర్‌బ్యూలర్," అన్నాడు చీఫ్. "స్టేషన్‌కి వస్తోంది, తూర్పు వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ కోసం."

"వెరేనా మన మనిషి కదా సార్?"

"సోమవారం నుంచి శనివారం దాకా మన మనిషి. ఆదివారం వాళ్ళ మనిషి. మనకి ఆదివారం సెలవు కదా, అభ్యంతరం చెప్పడానికి ఏమీ తోచలేదు. విను. గొట్టాన్ని వెనక్కి తే. తేలేకపోతే నాశనం చెయ్. వాళ్ళకి మాత్రం దక్కకూడదు. ఇదిగో, మన వర్క్‌షాపు వాళ్ళు చేసిన గొడుగు. పిడి మీద మీట నొక్కితే కొసలోంచి సూది వస్తుంది."

"వానొస్తే?"

"వానకి తెరుచుకోదు. అదొక్కటే లోపం."

మారువేషం కోసం రేతో కొండలెక్కేవాడిలా తయారయ్యాడు. ఎర్ర మేజోళ్ళు, వీపున సంచి, లావు బూట్లు. ఆదివారం ఊరంతా ఇదే వేషంలో ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇబ్బందల్లా, స్టేషన్ వీధిలో వెరేనాను గుర్తుపట్టడానికి ఎర్ర మేజోళ్ళ కాళ్ళు ఎన్నింటినో పరిశీలించాల్సి వచ్చింది. ఆమె కాళ్ళు దొరికాయి. మేజోళ్ళు ఎర్రవే అయినా నడక సినిమా పోస్టర్‌లోది. చంకలో చాక్లెట్ పెట్టె. గొట్టం అందులోనే ఉండాలి.

పరుగెత్తితే జనం చూస్తారు. అందుకని రేతో వేగంగా నడిచాడు. ఆమె కూడా వెనక్కి చూసి వేగంగా నడిచింది. బూట్ల అంగళ్ళు, గడియారాల అంగళ్ళు దాటారు. ఛాతీలో కూర్చునేవాడు వచ్చి కూర్చున్నాడు.

వీధి చివర కాలినడకవాళ్ళ సిగ్నల్ ఎర్రగా మారింది.

వెరేనా ఆగింది. రేతో కూడా ఆమె పక్కకొచ్చి ఆగాడు. రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క కారు లేదు. ట్రామ్ కూడా లేదు. ఇద్దరి మధ్య పొట్టికాళ్ళ కుక్కతో ఒక ముసలావిడ నిలబడి, దాటితే పట్టుకుందామన్నట్టు ఇద్దర్నీ చూస్తోంది.

"ఆయాసపడుతున్నారు రేతో గారూ," అంది వెరేనా ముందుకే చూస్తూ. "మాత్ర వేసుకోండి. ఎడమ జేబులో ఉంటుంది."

"నీకెలా తెలుసు?"

"డాక్టరు ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో మీ గుండె ఫిల్మ్ తీసింది నేనేనండీ బాబూ. మాస్కు ఉంది కాబట్టి గుర్తుపట్టలేదు మీరు. ఎడమ నాళం చూశాను. దారం పోగులా ఉంది."

రేతో నాలుక కింద మాత్ర పెట్టుకున్నాడు. "ఆపరేషన్ రేపని డాక్టరుకీ నాకూ తప్ప తెలియదు."

"మీరే చెప్పారు."

"నేనా? ఎవరికి?"

"మీ భవనంలో ఫ్రావ్ నేగెలికి. ఉమ్మడి లాండ్రీ గదిలో బట్టలుతుక్కునే మీ సోమవారం వంతు ఆమెకి వదిలేశారట కదా. మీ మెట్ల మీదంతా ఒకటే గుసగుస. వాళ్ళింట్లో మా పిన్ని అద్దెకుంటోంది లెండి. ఈ దేశంలో మనిషి తన బట్టల వంతు వదులుకున్నాడంటే చావైనా అయ్యుండాలి, ఆపరేషనైనా అయ్యుండాలి. మీరు బతికే ఉన్నారు. అంటే సోమవారం ఆపరేషన్. అంటే ఆదివారమే ఎత్తుకుపోవాలి."

సర్వీసు ఏడాది పాటు దాచిన రహస్యం సబ్బునురగలో కొట్టుకుపోయింది. రేతో గొడుగు పిడి బిగించి పట్టుకున్నాడు. పెట్టెలోకి సూది గుచ్చితే ఇక్కడే పని అయిపోతుంది. కానీ గుచ్చేది తన బుడగని. పెట్టె కోసం చెయ్యి చాపాడు. చెయ్యి భుజం దాకా నొప్పెట్టి కిందికి వాలిపోయింది.

"ఊరుకోండి, ఆవిడ చూస్తోంది," అంది వెరేనా. ఆయన సంచిలోకి ఏదో కాగితం జారవిడిచింది. "టికెట్. రైలెక్కండి. మా పెద్దాయనకి సరాసరి వెయ్యరు దీన్ని. ముందు ఎవరి మీదైనా వేసి చూడాలి కదా. మీ మీద వేస్తారు. మీరు బతికితే ఆయనకి. అక్కడి డాక్టర్లది మంచి చెయ్యి. ఇక్కడే ఉండిపోతే ఏముంది మీకు? ఆకులు రాలేదాకా ఉండరు. ఫిల్మ్ చూసినదాన్ని చెప్తున్నా."

"గాలుస్‌ని చంపింది ఎవరు?"

"నేను కాదు. రైల్లో ఉన్నాడు వాడు." సిగ్నల్ వైపు చూస్తూ అంది, "కుండీ పడేదాకా నాకూ తెలీదు. ఒట్టు."

"ఏమ్మా, సంసారం గొడవలు ఇంట్లో చూసుకోవచ్చుగా," అంది ముసలావిడ. "ఆదివారం పూట."

సిగ్నల్ పచ్చబడింది.

వెరేనా గాలిలా పోయింది. రేతో పది అడుగులు పోయి దీపస్తంభం పట్టుకున్నాడు. మళ్ళీ నడిచాడు. స్టేషన్ లోపల ఎర్ర మేజోళ్ళ జనం రైళ్ళు దిగి, ఎక్కి, ఒకరికొకరు దారిచ్చుకుంటున్నారు. "క్షమించండి" అని చెప్పకుండా ఎవరినీ తోసుకుపోలేడు. ప్రతివాడూ "ఫరవాలేదు" అనేదాకా ఆగాలి కూడా. అలా క్షమాపణలు చెప్పుకుంటూ ప్లాట్‌ఫారం చేరేసరికి గార్డు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

వెరేనా రైలెక్కకుండా ఒక కిటికీ బయట నిలబడి ఉంది. లోపలినుంచి బూడిదరంగు చేతి తొడుగు బయటికి వచ్చింది. ఆమె చాక్లెట్ పెట్టె అందించింది. పక్కనే రైలు తలుపు తెరిచి ఉంది. ఒక్క మెట్టు. దాని మీద కాలు పెడితే చాలు, రేతో బతుకుతాడేమో.

ఆయన కాలు లేపాడు కూడా.

దేశం గుర్తొచ్చి ఆగిపోయానని చీఫ్‌కి తర్వాత చెప్పాడు. వినడానికి బాగుంటుందని. నిజానికి ఆయనకు గుర్తొచ్చింది పగిలిన కుండీ. దాని పక్కన గాలుస్ బూట్లు. జలుబుకి అల్లం టీ తాగమని చెప్పి మరీ డ్యూటీ తీసుకున్నాడు వాడు. ఆ చేతి తొడుగు వాణ్ణి కాల్చినవాడిది.

రేతో కాలు దించాడు. చెయ్యి అందదు, గొడుగు అందుతుంది. కిటికీలోకి పోతున్న పెట్టెకి కొస ఆనించి మీట నొక్కాడు.

వర్క్‌షాపు వాళ్ళ పనిముట్టు జీవితంలో మొదటిసారి పనిచేసింది. టుస్ మని ఒక్క చిన్న చప్పుడు. ఆదివారానికి ఏ అభ్యంతరం లేనంత చిన్నది.

"గొడుగులు రైలుకి దూరంగా పట్టుకోవాలి," అని గార్డు మందలించి విజిల్ ఊదాడు. రైలు ఠంచనుగా కదిలింది. చేతి తొడుగు చిల్లిపడిన పెట్టెను గుండెలకు హత్తుకుని తూర్పుకు వెళ్ళిపోయింది.

రేతో ప్లాట్‌ఫారం మీద కూలబడ్డాడు. వెరేనా వచ్చి ఆయన ఎడమ జేబులోంచి ఇంకో మాత్ర తీసి నాలుక కింద పెట్టింది.

"ఎంత పని చేశారండీ," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. నిజమైనవో కావో ఆమెకి కూడా తెలిసి ఉండదు. "రేపు ఎక్స్‌రే గదిలో డ్యూటీ నాదే. మీకోసం కొత్త మాస్కు కూడా తీసిపెట్టాను."

"నిన్ను అరెస్టు చెయ్యాలి."

"రేపట్నుంచి మీ మనిషినే కదా. రేపు చేసుకోండి."

చీఫ్ ఫోన్‌లో వెరీగుడ్ అన్నాడు. గాలుస్ డ్యూటీ ఖాళీ అయింది, జలుబు తగ్గింది కాబట్టి వచ్చే ఆదివారం నుంచి రేతో చూసుకోవాలన్నాడు. తర్వాత రేతో డాక్టర్ జోలికోఫర్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. డాక్టరు, ఇంకోటి చేస్తాను, తప్పకుండా చేస్తాను, మొదటి మంచు పడేసరికి ఒకటి నిలబడొచ్చు అన్నాడు. వెనక ఆయన భార్య కుర్చీ లాక్కుని కూర్చుంటున్న చప్పుడు వినిపించింది.

సోమవారం పొద్దున్న రేతోకు చేయడానికి పనేమీ లేదు. మురికి బట్టల బుట్ట పట్టుకుని, అంతస్తుకోసారి ఆగుతూ, కింద లాండ్రీ గదికి దిగాడు. గదినిండా ఫ్రావ్ నేగెలి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి.

"అయ్యో, కాఫ్లిష్ గారూ! ఇవాళ మీకు పనుందన్నారుగా?"

"వాయిదా పడిందండీ. నా వంతు మళ్ళీ..."

"అదెలా కుదురుతుందండీ, నాకు ఇచ్చేశారుగా. మీకు మళ్ళీ వచ్చేది వచ్చే నెలే." ఆవిడది జాలిగుండె. కాసేపు ఆలోచించింది. "ఒకటి చేద్దాం. మన భవనంలో ఈలోగా ఎవరైనా పోయారనుకోండి, ఆ వంతు ఖాళీ అవుతుంది కదా. అందరికంటే ముందు మీకే చెప్తాను."

రేతో ఆవిడకు కృతజ్ఞతలు చెప్పి, బుట్ట తీసుకుని మెట్లవైపు చూశాడు.