మామయ్య ఎగ్గొట్టిన క్లాసు

ఉదయం ఏడున్నరకే మామగారు యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా అందుకుని బయల్దేరారు.

“ట్రైనింగు కదమ్మా, ఆలస్యమైతే బాగుండదు” అన్నారు కోడలితో.

ఆమె నవ్వింది. ఆ క్లాసులు పెట్టించింది ఆమే. రేవులో ఎలక్ట్రికల్ ఇంజనీరు. పొగలు కక్కే డీజిల్ క్రేన్లన్నీ తీసేసి, కరెంటుతో నడిచేవి తెస్తున్నారు. మామగారిలాంటి పాత మెకానిక్కులకు మూడు వారాల శిక్షణ, చివర పరీక్ష. పాసైనవాళ్లకు కొత్త క్రేన్ల మీద పని, కానివాళ్లకు గేటు దగ్గర కాపలా. ముప్పై ఏళ్లు ఇంజన్లతోనే బతికిన మనిషిని కుర్చీలో కూర్చోబెడితే నెల తిరక్కుండానే మంచం పడతారని ఆమె భయం.

పదకొండింటికి హాజరు పట్టీ చూసి ఆమె నిర్ఘాంతపోయింది. నాలుగు రోజులుగా మామగారు క్లాసుకే రాలేదు!

వెతుక్కుంటూ వెళ్తే, తుక్కుకు అమ్మడానికి నిలబెట్టిన పాత క్రేన్ల వెనక కనిపించారు. ఓ చక్రానికి ఆనుకుని, డబ్బా ముందు పెట్టుకుని ఒంటరిగా కూర్చున్నారు. నలుగురూ చూసేచోట నిలదీయడం ఇష్టంలేక ఆమె వెనక్కి వచ్చేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి, “ఇవాళ క్లాసు బాగా జరిగింది” అన్నారాయన.

ఇక ఆగలేకపోయింది. “మామయ్యా, మీరసలు రాలేదుగా?”

వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా వచ్చేసింది. “రాలేదా? మరి రోజూ డబ్బా ఎక్కడ ఖాళీ చేస్తున్నట్టు?”

మామగారి మొహం ఎర్రబడింది. “అవును, వెళ్లలేదు! ఇంజను చప్పుడు వింటే చాలు, దాని రోగమేంటో చెప్పేవాణ్ణి. మీ క్రేను నోరే విప్పదు. ముప్పై ఏళ్ల పనిని తుక్కులో పడేశారు కదా!”

“ఆ పొగ మింగే కదా మీకు ఆ దగ్గు! మిమ్మల్ని పనిలో ఉంచాలనే నేను మేనేజరుతో గొడవపడి క్లాసులు పెట్టించాను.”

“పెట్టించమని నేనడిగానా?”

“నా మీద కోపమా మామయ్యా?”

ఆ మాటకి ఆయన చప్పున చల్లబడిపోయారు. కుర్చీలో కూలబడ్డారు.

“నీ మీద కాదమ్మా. మొదటిరోజు ఆ మాస్టారు స్క్రీను మీద ఉన్నది చదవమన్నాడు. మూడో తరగతితో బడి మానేసినోణ్ణి. కూడబలుక్కునేలోపు అక్షరాలు మారిపోయాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా పరువు పోతే పోయింది, నీ పరువు కూడా తీయడమెందుకని...”

అత్తగారు నోరు తెరిచింది. “రోజూ పేపరు ముందేసుకుని కూర్చుంటారుగా!”

“బొమ్మలు చూస్తానులేవే.”

కోడలికి కళ్లు చెమర్చాయి. ఆ పాఠాలు తయారుచేసింది తనే. ఒకే ఇంట్లో ఆరేళ్లుగా ఉంటూ, వాటిని ఈయన చదవగలరా అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. “మామయ్యా, కొత్త క్రేనుకీ ఇనుప తాళ్లున్నాయి, బ్రేకులున్నాయి. తాడులో తీగ తెగితే ఎలా కనిపెడతారు?”

“గుడ్డ పట్టుకుని దాని పొడుగునా లాగాలి. తెగినచోట పట్టేస్తుంది. ఉత్త చెయ్యి పెట్టావో, కోసేస్తుంది!” టక్కున చెప్పారాయన.

“ఇది నాకు తెలీదు. మీరు నాకు పని నేర్పండి, నేను మీకు చదువు చెప్తాను.”

మర్నాటి నుంచి క్లాసు గదిలోంచి క్రేను కిందికి మారింది. మామగారు తాళ్లు తడిమి చూపిస్తుంటే, నవ్వినవాళ్లే చుట్టూ మూగారు. ఇంట్లో సాయంత్రాలు భోజనాల బల్ల మీద అక్షరాలు. “ఒత్తు మర్చిపోయారు” అంటూ అత్తగారు భుజం మీంచి తొంగి చూసేది. ఆయన ఉడుక్కునేవారు, దిద్దుకునేవారు.

పరీక్ష రోజు మామగారు మాస్టారితో కలిసి క్రేను మీది గదిలోకి ఎక్కారు. అక్కడి స్క్రీను మీద వచ్చేది చదివి, క్రేనులో లోపమేంటో చెప్పాలి. కింద కోడలు పైకే చూస్తూ నిలబడింది. అరగంట తర్వాత మెట్లు దిగుతూనే ఆయన ఫోను తీశారు.

“ఏమే... పాసయ్యాను” అన్నారు అత్తగారితో. ఆపైన గొంతు పెగల్లేదు. ఫోను కోడలి చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నారు. ఆమె చెవి దగ్గర పెట్టుకుంది గానీ, ఏడుపు తన్నుకొచ్చి ఒక్క మాటా రాలేదు.

“ఏంటిది? మామాకోడళ్లలో ఒక్కరైనా మాట్లాడి చావండి!” అని అవతల అత్తగారు అరుస్తోంది. ఆమె గొంతు కూడా వణుకుతూనే ఉంది.